వాకిటి కీర్తి, తరగతి విలువ

ఏ మహనీయుని స్మృతి మనలనందఱ నిచ్చట గూర్చినదో, ఆయన తెలుగు బోధించుటకు మాత్రమే నియుక్తులై యుండియు, చెఱువుల లెక్కను, పన్నుల చరిత్రను, నక్షత్రముల గతిని గూడ పిల్లలకు చెప్పక విడువనివారు. అట్టివారి పేరిట జరుగు సభలో, ఒక్క వృత్తికై కాక బుద్ధి యంతటికిని తర్ఫీదునిచ్చు ఉదారవిద్యను గూర్చియు, దానిని నేర్పుటలో పేరుగాంచిన కళాశాలల కీర్తిని, విలువను ఎట్లు తూచవలెనను విషయమును గూర్చియు మాటలాడుట ఉచితమని నాకు తోచినది.

ప్రతి వేసవిలో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన నాటినుండి మన చేవెళ్ల, మొయినాబాదు మండలములలో ఏ యింటికి పోయినను వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఏ కాలేజీ మంచిది?" ఈ చిన్న ప్రశ్నలో రెండు ప్రశ్నలు పెనవేసికొని యున్నవి. ఏ కళాశాలలో ప్రవేశము దుర్లభము అనునది మొదటిది; ప్రవేశించిన బిడ్డకు ఆ మూడు నాలుగేండ్లలో అచ్చట ఏమి జరుగును అనునది రెండవది. మొదటిదానికి సమాధానము కీర్తి. రెండవదానికి సమాధానము విలువ. ఎందఱు వచ్చిరి, ఎందఱు వెనుదిరిగిరి అని కీర్తిని వాకిట నిలిచియే లెక్కింపవచ్చును. విలువను లెక్కింపవలెనన్న తరగతిలోనికి పోయి కూర్చుండవలెను. మన తల్లిదండ్రులకు అట్లు పోయి కూర్చుండు అవకాశము లేదు గనుక వారు వాకిటి లెక్కనే నమ్ముకొనుచున్నారు. వారిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. ఎకరమో అరెకరమో అమ్మి చదివించు తండ్రికి ఆధారముగా కనబడునది ఆ లెక్క యొక్కటే. ఆ లెక్క యెంతవఱకు నిజము చెప్పును, ఎచ్చట మౌనము వహించును అను విచారణయే నేటి నా ప్రసంగము.

ఉదారవిద్యా కళాశాలలు, లేదా ఈనాటి వాడుకలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, అమెరికాలో ఎంత ప్రతిష్ఠ గలిగినవైనను మన యిండ్లలో వాని పేర్లు అరుదుగా వినవచ్చును. చిలుకూరు బాలాజీ సన్నిధిలో పదునొకండు ప్రదక్షిణములు చేసి, వీసా వచ్చిన పిమ్మట నూటయెనిమిది చేసెదనని మ్రొక్కుకొను యువకులలో విలియమ్స్ కళాశాల పేరుగాని, ఆమ్హర్స్ట్ పేరుగాని ఎరిగినవారు బహుస్వల్పముగ నుందురు. వారి గమ్యము తఱచుగా ఎం.ఎస్. పట్టము, కంప్యూటర్ విద్య. విలియమ్స్ 1793లోను, ఆమ్హర్స్ట్ 1821లోను మాసచూసెట్స్ రాష్ట్రమున వెలసినవి. స్వార్త్‌మోర్ 1864లో ఫిలడెల్ఫియా సమీపమున క్వేకరు మతస్థులచే స్థాపితమైనది. ఈ మూడింటిలో ఏ యొక్కదానిలోను విద్యార్థుల సంఖ్య రమారమి రెండువేలను మించదు. డాక్టరేటు పట్టములనిచ్చు పరిశోధన వాని ప్రధానకార్యము కాదు. పదునెనిమిదేండ్ల వయస్సున వచ్చిన పిల్లలకు నాలుగేండ్లు చదువు చెప్పి పంపుటయే వాని పని. భౌతికశాస్త్రము చదువువాడు గ్రీకు నాటకమును, ఆర్థికశాస్త్రము చదువునామె జీవశాస్త్రమును చదువుట అచ్చట వింత గాదు.

వీని కీర్తి ఎట్లు ఏర్పడినది? యు.ఎస్. న్యూస్ అను పత్రిక 1983లో కళాశాలలకు వరుస సంఖ్యలు వేయ నారంభించినప్పుడు, మొదట చేసినది కళాశాలల అధ్యక్షుల యభిప్రాయమును సేకరించుట మాత్రమే. అనగా, కీర్తి గల సంస్థలేవని అడిగి, వచ్చిన జవాబును మరల కీర్తిగా ప్రకటించుటయే. తరువాత ఇతర లెక్కలు చేరినవి గాని ఆ తొలి ముద్ర పూర్తిగా చెరిగిపోలేదు. ఆరెగాన్ రాష్ట్రమందలి రీడ్ కళాశాల 1995 నుండి ఆ పత్రికకు వివరము లందించుటయే మానివేసినది. మానివేసియు చదువు చెప్పుటలో తన పేరు నిలుపుకొన్నది. నేడు విలియమ్స్, ఆమ్హర్స్ట్, స్వార్త్‌మోర్‌లలో దరఖాస్తు చేసిన నూరుగురిలో పదిమందికైనను ప్రవేశము లభించుట లేదు. మన దేశమున 2016 నుండి వెలువడుచున్న జాతీయ ర్యాంకులలోను నూటికి పదివంతులు జనాభిప్రాయమునకే కేటాయింపబడినవి. ఆ పట్టికలో కళాశాలల పేర్లు చూచినవారికి ఢిల్లీ, తమిళనాడు కళాశాలలే అధికముగా కానవచ్చును. నూరేండ్ల నాడు మన తెలుగునాట వెలిగిన కళాశాలల పేర్లు ఆ పై వరుసలలో కానరావు.

వాకిటి కీర్తి లోపలివారికి ఏ ఫలమిచ్చునని శ్రద్ధతో పరిశీలించిన అర్థశాస్త్రజ్ఞులు కలరు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనువారు 2002లో ప్రకటించిన పరిశోధనము నా దృష్టిలో ఈ విషయమున మిక్కిలి గమనింపదగినది. 1976లో కళాశాలలలో చేరినవారి తదుపరి సంపాదనను వారు పోల్చి చూచిరి. కీర్తి గల కళాశాలనుండి వచ్చినవారిని ఇతరులతో ఊరక పోల్చక, ఒకే విధమైన కళాశాలలకు దరఖాస్తు చేసి ఒకే విధముగా ఆమోదము పొందినవారిలో, మిక్కిలి కఠినమైనదానికి పోయినవారిని, అంత కఠినము గానిదానికి పోయినవారిని ఎదురెదుర నిలిపి చూచిరి. చూడగా, సామాన్యముగా ఇరువురి సంపాదనలోను చెప్పుకోదగిన భేదము కనబడలేదు. కళాశాల ఇచ్చినదని మనము భ్రమించు దానిలో అధికభాగము విద్యార్థి తనతో తెచ్చుకొన్నదేనని దాని భావము. కాని వారే మఱియొక మాటయు చెప్పిరి: పేద కుటుంబములనుండి వచ్చినవారికి మాత్రము కళాశాల భేదము ఫలమునందు భేదమును కలిగించినది, తదుపరి పరిశోధనములో తల్లిదండ్రులు అల్పవిద్యావంతులైన పిల్లల విషయమునను అట్లే తేలినది.

ఈ రెండవ మాటను చేవెళ్లలో నిలిచి చదువునపుడు దాని బరువు వేఱు. మన ప్రాంతమున పట్టభద్రులగువారిలో ఎందఱో తమ వంశమున కళాశాల గడప త్రొక్కిన మొదటివారు. అట్టివారికే మంచి కళాశాల వలన అధికలాభము. కాగా, అట్టివారికే అది అందని పండు. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అను మువ్వురు అమెరికాలోని పన్నెండు అగ్రశ్రేణి విశ్వవిద్యాలయములను పరిశీలించి, పరీక్షలో సమానమైన మార్కులు వచ్చినను, నూటికి ఒక్క వంతుగా నుండు అత్యంత ధనికుల పిల్లలకు మధ్యతరగతి పిల్లలకంటె ప్రవేశావకాశము రెట్టింపునకు మించి యున్నదని తేల్చిరి. ఆ విద్యాసంస్థలలో చదువుట వలన సగటు సంపాదన పెద్దగా పెరుగకున్నను, సమాజపు అత్యున్నత శిఖరమునకు చేరు అవకాశము మాత్రము గణనీయముగా పెరుగుననియు వారే చూపిరి. కీర్తి పనికిమాలినదని నేను చెప్పజాలను. అది కొన్ని తలుపులను తెఱచుట నిజము. అయితే ఆ తలుపులలో చాల భాగము, ఇదివఱకే లోపల నున్నవారి బంధుమిత్రులు మూసి యుంచిన తలుపులు. అవి లేకయే చదువు మొదలుపెట్టి మహాసంస్థల అధిపతులైనవారును కలరు: మన సత్య నాదెళ్ల మణిపాల్‌లోను, మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునను చదివెను, శంతను నారాయణ్ ఉస్మానియాలోను, బౌలింగ్ గ్రీన్‌లోను చదివెను. ఏ పట్టికలోను ఆ పేర్లు శిఖరమున నుండవు.

ఇక తరగతిలోనికి పోదము. విలియమ్స్ కళాశాలలో ట్యుటోరియల్ అను పద్ధతి కలదు. ఒక ఆచార్యుడు, ఇద్దఱు విద్యార్థులు, అంతే. ఒక వారము ఒకరు వ్యాసము వ్రాసి చదువుదురు. రెండవవారు దానిని విమర్శింతురు. మఱుసటి వారము పాత్రలు మారును. ఆచార్యుడు అధికముగా మాటలాడడు. తప్పించుకొనుటకు వెనుక బల్ల లేదు. స్వార్త్‌మోర్‌లో ఫ్రాంక్ ఐడలాట్ అను అధ్యక్షుడు, తాను ఆక్స్‌ఫర్డులో చదివి చూచిన పద్ధతి ననుసరించి, 1922లో ఆనర్సు విధానమును ప్రవేశపెట్టెను. ఆ విధానమున చదివిన విద్యార్థిని తుదకు పరీక్షించువారు బయటి విశ్వవిద్యాలయములనుండి వచ్చిన పండితులు; వ్రాతపరీక్షయే గాక ముఖాముఖి ప్రశ్నలును వేయుదురు. ఇక్కడ నొక చిత్రము గమనింపుడు. మన విశ్వవిద్యాలయములలోను పరీక్షించువాడు బయటివాడే, ముఖమెఱుగనివాడే. ఒకే విధమైన యేర్పాటునుండి అచ్చట పుట్టినది గురుశిష్యులు ఒక పక్షమున నిలిచి బయటి పండితుని ఎదుర్కొను స్నేహము. ఇచ్చట పుట్టినది గైడు, బిట్ బ్యాంకు, పరీక్షకు ముందు రాత్రి చేతులు మారు "ఇంపార్టెంట్ ప్రశ్నలు". ఏల? అచ్చట ఆ గురువు ఆ శిష్యుని వ్రాతను నెలల తరబడి వాక్యము వాక్యముగా చదివియున్నాడు. ఇచ్చట నూటయిరువదిమంది గల తరగతిలో ఏ గురువు ఎవరి వాక్యమును చదువగలడు? కళాశాల విలువ యను దానిని నేను మఱి వేనితోను కొలువను: విద్యార్థి వ్రాసిన దానిని ఎవరైన చదివి, "ఇది నిజమని నీకెట్లు తెలియును?" అని అతనిని ఎన్నిమార్లు అడిగిరి అను దానితోనే కొలుతును.

ఈ కొలబద్దతో కొలిచినచో, మన తెలుగునాట ఉదారవిద్యా కళాశాలలు లేవనుట సత్యము గాదు. వానికి ఆ పేరు లేదు, అంతే. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలను చూడుడు. కందుకూరి వీరేశలింగము తెలుగు పండితుడుగా పనిచేసిన చోటు అది. 20వ శతాబ్దపు రెండవ దశకమున ఆ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాచార్యుడుగా నుండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. విద్యార్థులకు ఆంగ్లసాహిత్యము చెప్పుటతో ఆయన పని ముగిసిపోలేదు. దామెర్ల రామారావు చేతిలోని చిత్రకళను గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయిలోని జె.జె. కళాపాఠశాలకు పోవునట్లు చేసినది ఆయనయే. అడివి బాపిరాజులో కవిని, చిత్రకారుని ఒక్కమాఱే మేల్కొల్పినదియు ఆయన సాహచర్యమే. పరదేశమునుండి వచ్చిన ఒక ఉద్యోగి, అజంతా చిత్రములను తెలుగు పిల్లలకు చూపి, ఇది మీదే, దీనిని చూచి నేర్చుకొనుడని చెప్పెను. రామారావు 1925లో ఇరువదియెనిమిదవ యేటనే కన్నుమూసెను గాని, ఆంధ్ర చిత్రకళకు ఆయన వేసిన బాట నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేరిట నున్న చిత్రశాలలో చూడవచ్చును. ఆ కాలమున ఎక్కువ కీర్తి గలది చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాల. కీర్తి చెన్నపట్టణమునకు చెందెను, రామారావు రాజమహేంద్రవరమునకు దక్కెను.

కాకినాడలోని పిఠాపురము రాజా కళాశాల కథ మఱింత హృదయంగమమైనది. రఘుపతి వెంకటరత్నము నాయుడు, మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియమ్ మిల్లరు శిష్యుడై, మన సికిందరాబాదులోని మహబూబు కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండి, 20వ శతాబ్దపు తొలి యేండ్లలో కాకినాడకు పోయెను. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరు ధనమిచ్చెను. నాయుడుగారు తన జీవితమునే యిచ్చెను. అస్పృశ్యులని లోకము దూరముంచిన పిల్లలకు తరగతిలో చోటు, వసతి కల్పించెను. బాలికలను కళాశాలలో చేర్చుకొనెను. పేద విద్యార్థుల ఫీజులకై తన వేతనమును వెచ్చించెను. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆయన ప్రభావమున పెరిగినవాడే. 1925 నుండి 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నున్నపుడును శ్వేతవస్త్రధారియైన ఆ గురువును తెలుగువారు కాకినాడ ప్రిన్సిపాలుగానే తలచుకొనుచుండిరి. విజయనగరపు మహారాజా కళాశాల, అందు చదివి అందే బోధించిన గురజాడ అప్పారావును గూర్చి చెప్పబూనినచో ఈ సాయంకాలము చాలదు.

అయినను ఆ దినములను స్వర్ణయుగమని వర్ణింప నాకు మనసొప్పదు. ఆ కళాశాలలలో చదివినవారు వేళ్లపై లెక్కింపదగినవారు. వారిలో అధికులు అగ్రవర్ణముల పురుషులు. బ్రిటిషు ప్రభుత్వమునకు కావలసిన గుమాస్తాలను తయారుచేయుట ఆ విద్యావిధానపు ప్రకటిత లక్ష్యములలో నొకటి. కూల్డ్రే, వెంకటరత్నము ఆ విధానము వలన గొప్పవారు కాలేదు. ఆ విధానములో నుండియు దానిని మించిరి. అట్టి వ్యక్తి లేనిచోట అదే సిలబసు, అదే పరీక్ష, అదే పట్టము ఉండియు ఏమియు జరుగలేదు.

మన తెలంగాణమున పరిస్థితి భిన్నము. 1887లో నెలకొన్న నిజాము కళాశాల, సరోజినీ నాయుడు తండ్రియైన అఘోరనాథ చట్టోపాధ్యాయుని ఆచార్యత్వమున మొలకెత్తి, మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండి, కులీనుల బిడ్డలకు నిలయమయ్యెను. 1918లో ఉర్దూ మాధ్యమముతో ఉస్మానియా వెలసెను; అదే సంవత్సరమున వెలసిన రెడ్డి హాస్టలు పల్లెలనుండి వచ్చిన పిల్లలకు నగరమున నీడనిచ్చెను. పైచదువు కోరిన తెలంగాణ యువకులు కొందఱు పుణెలోని ఫెర్గుసన్ కళాశాలకు పోయిరి: బూర్గుల రామకృష్ణారావు అచ్చట చదివెను, తరువాతి తరమున పి.వి. నరసింహారావు చదివెను. 1885లో స్థాపితమైన ఆ కళాశాలలో గోపాలకృష్ణ గోఖలే వంటివారు నెలకు డెబ్బదియైదు రూపాయల జీతమునకు ఇరువదియేండ్లు బోధించెదమని ప్రతిజ్ఞ చేసి పనిచేసిరి. మొయినాబాదు మండలమందలి పెద్దమంగళారములో 1890లో జన్మించి, ఈ జిల్లాకు తన పేరునే యిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి తరమువారికి చదువన్నది, దొరలకు, దివాణమునకు ఎదురుగా నిలిచి మాటలాడు శక్తి. ఆ పెద్దలు విద్యాసంస్థలకై పడిన పాట్లు ర్యాంకుల కొఱకు గావని వేఱుగ చెప్పవలసిన పనిలేదు.

ఆ పిమ్మట "డిగ్రీ" అను మాటకు పట్టిన గతి మీకందఱకు తెలిసినదే. 1979లో గండిపేటలో చైతన్యభారతి ఇంజినీరింగు కళాశాల వెలసెను. 1998లో మొయినాబాదు మండలముననే యెంకేపల్లిలో జె.బి. కళాశాల, అజీజ్‌నగరులో విద్యాజ్యోతి కళాశాల వెలసినవి. వాని వెనుక ఎన్నో. 2003 ఏప్రిల్ 9న ఈ చేవెళ్లనుండియే పాదయాత్ర నారంభించిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రియైన పిదప వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు, ఎన్నడును ఇంజినీరింగు కలగనని యిండ్లలో ఆ కలను నిజము చేసినది. దానిని తక్కువ చేసి మాటలాడువారితో నేను ఏకీభవింపను. కూలియింటి కూతురు బీటెక్కు చదివి నగరమున ఉద్యోగము చేయుట ఈ ప్రాంతపు చరిత్రలో చిన్న సంగతి కాదు. నాకు బాధ కలిగించునది వేఱొకటి: చరిత్రయో, తెలుగో, రాజనీతిశాస్త్రమో చదువుచున్నానని చెప్పిన పిల్లవానితో బంధువులు "డిగ్రీయేనా?" అని పలుకు ఆ స్వరము. ఆ "ఏనా" అను తోకలో ఒక తరపు ఆత్మగౌరవము నలిగిపోవుచున్నది. ఇంజినీరింగు చదువు పిల్లలకును ఇందు నష్టమే కలదు. వారికి నాలుగేండ్లలో ఒక్క దీర్ఘవ్యాసము వ్రాయు అవసరము కలుగుట అరుదు.

దీనికి మాఱుగ మన ప్రభుత్వము ఒకప్పుడు మంచి ప్రయోగము చేసినది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నున్నపుడు 1971లో సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. ఆ ఆలోచనయే కళాశాల స్థాయికి పెరిగి 1972లో కర్నూలున సిల్వర్ జూబిలీ కళాశాలగను, 1977లో నాగార్జునసాగరమున రెసిడెన్షియల్ డిగ్రీ కళాశాలగను రూపొందెను. ప్రవేశపరీక్షలో నెగ్గిన పల్లెటూరి పిల్లలు, గురువులు ఒకే ప్రాంగణమున నివసించు చదువు. పేదవానికి అందుబాటులో నుండు చదువు. అమెరికావారు విలియమ్స్ వంటి చోట్ల ప్రశంసించు లక్షణములలో ముఖ్యమైనవి వానిలో నుండెను. అట్టివి జిల్లాకొకటిగా వెలసియుండిన, నేడు మన పిల్లల తల్లిదండ్రులు అడుగు ప్రశ్న వేఱుగ నుండెడిది. అట్లు వెలయలేదు. ఆ యెడమును నేడు ప్రైవేటు విశ్వవిద్యాలయములు పూరింప వచ్చుచున్నవి: 2014లో హర్యానాలోని సోనీపట్‌లో అశోకా, 2018లో మన తెలుగు నేలపైననే శ్రీసిటీలో క్రియా. అచ్చటి తరగతులు చిన్నవి, చదువు విశాలమైనది. 2020 నాటి జాతీయ విద్యావిధానమును బహుశాస్త్ర విద్యను కొనియాడినది. సంతోషమే. కాని ఏటికి లక్షలలో నుండు ఆ ఫీజును చూచినపుడు, ఉపకారవేతనములు కొన్ని యున్నను, చేవెళ్ల సంతకు కూరగాయలు తెచ్చు రైతు తన బిడ్డను అచ్చటికి పంపుట యెట్లని అడుగక తప్పదు. వెంకటరత్నము నాయుడు తన జీతము ఖర్చుపెట్టి యిచ్చిన వస్తువే అది.

విశాలమైన చదువు ఈ ప్రాంతమునకు ఎందులకని అడుగువారికి దూరపు ఉదాహరణములు అక్కరలేదు. మన యూళ్ల చెంతనున్న నీటిని చూడుడు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తి హైదరాబాదును శవాలదిబ్బ చేసిన పిదప, నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యను పిలిపించెను. నగరమును కాపాడవలెనన్న నగరములో గట్లు కట్టిన చాలదు, ఎగువన మూసీపైన, ఈసీపైన జలాశయములు కట్టవలెనని ఆయన నిర్ణయించెను; 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. ఆ విశ్వేశ్వరయ్య, పుణెలో ఇంజినీరింగు చదువుటకు ముందు, ఇతరుల పిల్లలకు చదువు చెప్పి పొట్ట పోసికొనుచు, బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో 1881లో బి.ఏ. పట్టము పొందినవాడు. మన యింటి పిల్లవాడు నేడు అట్లు చేయబూనిన, మూడేండ్లు వృథా చేసికొన్నాడని మనమే అందుము.

ఆ జలాశయములను కాపాడుటకు 1996 మార్చిలో 111వ నంబరు జీవో వచ్చినది. చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి, షాబాదు, శంషాబాదు, రాజేంద్రనగరు, కొత్తూరు మండలములలో 84 గ్రామములు దాని పరిధిలోనికి వచ్చినవి. కాలుష్యకారక పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాసపు కాలనీలు అచ్చట నిషిద్ధములైనవి. శంషాబాదు మండలమందలి పెద్దషాపూరులో ఒక నూనె పరిశ్రమ నెలకొల్పబూనినవారికి ప్రభుత్వమే మినహాయింపు నియ్యగా, వివాదము సుప్రీంకోర్టుకు పోయెను. 1999లోను, 2000లోను వెలువడిన తీర్పులు వ్రాసినది జస్టిస్ ఎం. జగన్నాథరావు. నీటికి ముప్పు లేదని నిరూపించు భారము పరిశ్రమపైననే యుండునని ఆ తీర్పులు స్థిరపఱచినవి. మినహాయింపు చెల్లదని తేల్చినవి. నాకు మిక్కిలి విలువైనదిగా తోచు భాగము మఱియొకటి. శాస్త్రమునకే నిశ్చయము లేని విషయములలో, శాస్త్రజ్ఞానము లేని న్యాయమూర్తులు ఒంటరిగా తీర్పు చెప్పుట కష్టమనియు, అట్టి అప్పీళ్లను విను సంస్థలలో న్యాయమూర్తులతో పాటు శాస్త్రవేత్తలు కూర్చుండవలెననియు దేశపు అత్యున్నత న్యాయస్థానము మన మూసీ నీటిని గూర్చి విచారించుచు చెప్పినది. పదునెనిమిదేండ్లకే ఒకరు న్యాయము, ఒకరు రసాయనము, ఒకరు వ్యాపారము అని గోడలు కట్టుకొన్న చదువులకు ఇంతకన్న పెద్ద హెచ్చరిక ఏమి కలదు?

2022 ఏప్రిల్‌లో ప్రభుత్వము ఆ నిషేధములను సడలించుచు ఉత్తర్వు వెలువరించెను. ఈ సభలో కూర్చున్నవారిలోనే రెండు పక్షములవారు కలరని నాకు తెలియును. పక్క మండలములో ఎకరము కోట్లు పలుకుచుండగా తన భూమి మాత్రము ఏండ్లకేండ్లు అట్లే పడియున్నదను రైతు బాధ నిజము. వాన నీరు ఇంకవలసిన నేలపై ఇండ్లు లేచిన, జలాశయమునకు ఏమి చేరునను భయమును నిజము. నేను ఏ పక్షమునకు తీర్పు చెప్పుటకు రాలేదు. ఈ వివాదమును పూర్తిగా గ్రహింపవలెనన్న వాననీటి నడకను, భూమి ధరల చలనమును, నిజాము కాలపు వరదల చరిత్రను, రాజ్యాంగములో ఆస్తిహక్కు స్థానమును, నగరము పల్లెకు ఋణపడియున్నదా లేదా అను ధర్మమీమాంసను ఒక్క మనస్సు ఒక్కచోట చేర్చి ఆలోచింపవలెను. ఈ 84 గ్రామములలో పుట్టిన యువతీయువకులలో అట్టి మనస్సు గలవారు ఎందఱుందురో అంత విలువగలవి ఈ ప్రాంతపు కళాశాలలు. వాని ర్యాంకు ఏదైన నగుగాక.

కావున ఈ స్మారకసభను జరుపు నిధి సమితికి నాదొక విన్నపము. ప్రతి సంవత్సరము నా వంటివానిని పిలిచి ఒక గంట మాటలాడించుట మంచిదే. దానితో పాటు, నిధి వడ్డీలో కొంత మఱియొక పనికి వినియోగింపుడు. మొయినాబాదు చుట్టునున్న ఇంజినీరింగు, వైద్య కళాశాలల విద్యార్థి నొకరిని, డిగ్రీ విద్యార్థి నొకరిని జంటగా కూర్పుడు. విశ్రాంతి పొందిన అధ్యాపకులు చేవెళ్లలో, మొయినాబాదులో అనేకులు కలరు. వారిలో నొకరు ఆదివారము ఉదయము ఆ జంటతో కూర్చుండవలెను. ఒకరు నాలుగు పుటల వ్యాసము తెలుగులో వ్రాసి రెండు దినములు ముందుగా రెండవవారి చేతికియ్యవలెను. రెండవవారు ప్రశ్నలతో రావలెను. మఱు వారము పాత్రలు మారవలెను. ప్రేక్షకులు వలదు, బహుమతులు వలదు, మార్కులు వలదు, ప్రమాణపత్రమును వలదు. అధ్యాపకునికి ప్రయాణపు ఖర్చు, పిల్లలకు పుస్తకముల ఖర్చు, అంతకుమించి వ్యయము లేదు. పది జంటలతో ఒక యేడు నడిపి చూచి, నిలువలేదని తోచిన నిలిపివేయుడు.

మొదటి యేటి విషయముగా ఆ 84 గ్రామములనే స్వీకరింపవలెనని నా కోరిక. 1996 నాటి జీవో, సుప్రీంకోర్టు తీర్పులు రెండు, 2022 నాటి ఉత్తర్వు, మూసీ వరదను గూర్చిన పాత నివేదికలు, ఈ గ్రామముల రెవెన్యూ లెక్కలు: ఇవి యొకచోట నుండిన పిల్లలు పని మొదలుపెట్టగలరు. తీర్పులు ఆంగ్లమున నున్నవి గనుక వానిని తెలుగులోనికి సంగ్రహించుటయే తొలి జంటకు తొలి పనిగా పెట్టవచ్చును. నా వద్దనున్న ప్రతులను ఈ వారముననే సమితికి పంపెదను. రెవెన్యూ లెక్కలను సంపాదించుటకు గ్రామముల పెద్దలు సహకరింపవలెనని ఈ వేదికనుండియే వేడుకొనుచున్నాను.